నొక్కడమైనది

ఊరి పేరు రాయను. రాస్తే మిగతా ఊళ్లవాళ్లు మనది కాదులే అని పేజీ తిప్పేస్తారు. వంద పడకల సర్కారు ఆసుపత్రి, వెనక కొండ, ముందు బస్టాండు. ఈమాత్రం తెలిస్తే చాలు. మిగతాదంతా ఫైలులో ఉంది. ఫైలు రెండు వందల పన్నెండు పేజీలు. సమాచార హక్కు కింద మేం అడిగితే మొదట అలాంటి ఫైలు లేదన్నారు. తర్వాత పోయిందన్నారు. మూడోసారి గేటు ముందు బైఠాయిస్తే ఇచ్చారు.

ప్రసూతి వార్డు సరిగ్గా కొండ కింద ఉంటుంది. అక్కడికి సెల్‌ఫోను సిగ్నలు రాదు. కాన్పుల డాక్టరు హైమవతి ఒక్కరే. ఆమె పొద్దున్నుంచీ రోడ్డు వైపు బిల్డింగులో, ఓపీలో రోగుల్ని చూస్తుంటుంది. వార్డుకీ ఓపీకీ మధ్య రెండు వందల అంగలు, ఇరవై మూడు మెట్లు. వార్డులో కాన్పు కష్టమైతే ఆయా సన్యాసమ్మ పరిగెత్తి కబురు చెప్పాలి. సన్యాసమ్మకు యాభై ఆరేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి.

ఒక జూన్ నెలలో, వాన రోజున, సన్యాసమ్మ మెట్ల మీద జారింది. లేచి, కుంటుకుంటూ వెళ్లి డాక్టరమ్మను తీసుకొచ్చేసరికి బిడ్డ దక్కలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదని ఫైలు మొదటి పేజీలో ఉంది. రెండో పేజీలో వార్డు ఇన్‌చార్జి నర్సు దయామణి రాసిన అర్జీ ఉంది. నాలుగే వరసలు. వార్డుకు ఒక ఫోను ఇప్పించండి, అని.

ఏడు నెలలకు జిల్లా స్టోరు నుంచి అట్టపెట్టె వచ్చింది. అందులో ఫోను లేదు, సగం ఫోను ఉంది. కార్డ్‌లెస్ హ్యాండ్‌సెట్టూ, దాన్ని నిలబెట్టే స్టాండూ. దాన్ని ఏదో ఒక బేస్‌తో జత చేస్తే తప్ప పలకదు. బేస్ ఆసుపత్రిలోనే ఉంది. హెడ్ గుమస్తా గదిలో, ఆరేళ్ల నాటిది, దాని సొంత హ్యాండ్‌సెట్‌తో సహా. పాతదే గానీ అదే కంపెనీది. ఇంకో ఐదింటిని మోయగలనని దాని వీపు మీదే రాసి ఉంది. పెట్టెలో వచ్చిన కాగితం మీద జత చేసే పద్ధతి మూడు బొమ్మల్లో వేశారు. బేస్ మీది మీట పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఒక్క నిమిషంలోపు హ్యాండ్‌సెట్ మీది మీట నొక్కి నాలుగు సున్నాలు కొట్టాలి. మూడో బొమ్మలో ఒకామె నవ్వుతూ ఫోనులో మాట్లాడుతోంది.

దయామణి ఆ హ్యాండ్‌సెట్ పట్టుకుని హెడ్ గుమస్తా గదికి వెళ్లింది. బేస్ మీదికి చెయ్యి చాపింది.

"ఆగండి సిస్టర్," అన్నారు హెడ్ గుమస్తా కామేశం గారు, పెన్ను మూత పెట్టి. "అది ఎవరి చార్జిలో ఉందో తెలుసా?"

ఆసుపత్రిలో ప్రతి వస్తువూ ఎవరో ఒకరి చార్జిలో ఉంటుంది. అంటే స్టాకు రిజిస్టరులో వాళ్ల పేరు మీద ఉంటుంది. మంచం ఒకరి చార్జి. దాని కింద బకెట్టు ఇంకొకరి చార్జి. ఒకరి వస్తువును ఇంకొకరు ముట్టుకోవాలంటే కాగితం కావాలి.

"ఆ బేస్ నా చార్జి," అన్నారు కామేశం గారు. "మీ చేతిలోది మీ చార్జి. నా దాని మీద మీరు నొక్కకూడదు. మీ దాని మీద నేను నొక్కకూడదు."

"సరే సార్. మీది మీరు నొక్కండి. నాది నేను నొక్కుతాను."

"నేను నొక్కినట్టు మీకెలా తెలుస్తుంది?"

"ఇక్కడే నిలబడి ఉన్నాను కదా సార్. చూస్తాను."

"చూస్తే సరిపోయేదానికి ఆఫీసులెందుకమ్మా?" కామేశం గారు జాలిపడ్డారు. "రాతపూర్వకంగా తెలియజేయాలి. నోటిమాట మీద చేసిన పని చెల్లదు. సర్క్యులర్ ఉంది."

ఉంది. ఫైలులో జత చేశారు కూడా. ముప్పై ఏళ్ల కిందట ఎక్కడో ఎవరో నోటిమాట మీద జీపు ఇచ్చేస్తే ఆ జీపు తిరిగి రాలేదు. అప్పట్లో జీపు కోసం రాసిన రూలు ఇప్పుడు మీట మీదికి వచ్చింది.

ఆసుపత్రి సూపరింటెండెంట్ సదాశివరావు గారు ఎముకల డాక్టరు. కుర్చీలో కూర్చున్నాక ఎముకను ముట్టుకోలేదు. దయామణి వెళ్లి మొరపెట్టుకుంటే ఆయన కాగితం మీద ఒక్క వాక్యం రాశారు: "విధివిధానములు రూపొందించి సమర్పించవలెను." కామేశం గారు మూడు వారాలు కూర్చుని పద్నాలుగు క్లాజులు రూపొందించారు. అసలైనవి మూడు.

"క్లాజు 4. బేస్ చార్జిదారు మీటను నొక్కిన పిమ్మట 'నొక్కడమైనది' అని మెమో జారీ చేసి, నంబరు వేసి, టపా పుస్తకము ద్వారా హ్యాండ్‌సెట్ చార్జిదారుకు పంపవలెను.

"క్లాజు 5. హ్యాండ్‌సెట్ చార్జిదారు సదరు మెమోను అందుకొని, రిజిస్టరులో ఎక్కించి, సంతకము చేసిన పిమ్మట మాత్రమే తన మీటను నొక్కవలెను.

"క్లాజు 9. నాలుగు అంకెల సంకేతము రహస్యము గనుక లక్క సీలు వేసిన కవరులో విడిగా పంపవలెను."

నాలుగు సున్నాలు. అట్టపెట్టె మీద కూడా అచ్చేసి ఉన్నాయి.

ఫిబ్రవరిలో ఒక సోమవారం పదకొండు గంటల పది నిమిషాలకు కామేశం గారు బేస్ మీట నొక్కారు. పది సెకన్లు పట్టుకున్నారు. ఎర్ర దీపం మిణుకుమంది. ఆయన కుర్చీలో కూర్చుని మెమో రాశారు. నంబరు వేశారు. కవరుకు లక్క కరిగించారు. టపా పుస్తకంలో ఎక్కించి, బెల్లు కొట్టి, వార్డుకు టపా మోసే మనిషిని పిలిచారు. వార్డుకు టపా మోసే మనిషి సన్యాసమ్మ. కబురు మోసే బాధ తప్పించడానికి వచ్చిన ఫోను కబురు కూడా ఆమే మోసింది.

ముప్పై నాలుగు నిమిషాలకు మెమో దయామణి చేతికి అందింది. ఆమె ఎక్కించి, సంతకం చేసి, లక్క పగలగొట్టి, నాలుగు సున్నాలు కొట్టింది. బేస్ దొరకలేదని హ్యాండ్‌సెట్ చెప్పింది.

"ఆ ఒక్క నిమిసం అయిపోనాదంట సిస్టరమ్మా," అంది సన్యాసమ్మ గోడకు ఆనుకుని. "మల్లీ ఎల్లాలేటి?"

మళ్లీ వెళ్లింది. ఆ వారంలో నాలుగుసార్లు నొక్కారు. ఫైలులో నాలుగుసార్లూ ఒకటే మాట: "బేస్ వైపు నుండి లోపము లేదు. హ్యాండ్‌సెట్ సహకరించలేదు." ఐదోసారికి టపా చేరవేతలో అలసత్వం వహించినందుకు సన్యాసమ్మకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. ఆమె చెప్పిన జవాబును కామేశం గారే గ్రాంథికంలో రాసి వేలిముద్ర వేయించుకున్నారు. అసలు చెప్పింది దయామణి విన్నది: "నా మోకాళ్లు కూడా ఎవల సార్జీలోనో రాసుకోండి బాబూ. అరిగిపోనాయని ఆలే సెప్తారు."

దయామణి ఒక ఉపాయం చెప్పింది.

"సార్, మెమో ముందే రాసి నా దగ్గర ఉంచండి. పదకొండింటికి మీరు నొక్కండి, పదకొండింటికి నేను సంతకం పెట్టి నొక్కేస్తాను."

కామేశం గారు కళ్లజోడు తీసేశారు. "నొక్కకముందే నొక్కడమైనదని రాయమంటారా? ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో నేను ఒక్క తప్పుడు రికార్డు పెట్టలేదు సిస్టర్."

నిజమే. అదే ఆయనతో వచ్చిన చిక్కు. లంచం తినే మనిషైతే ఈ కథ ఫిబ్రవరిలో అయిపోయేది.

తమ వైపు లోపం లేదు గనుక లోపం నిమిషానిదేనని మార్చిలో తేలింది. కంపెనీకి ఉత్తరం రాశారు. "మీ యంత్రమునందు ఒక నిమిషము గడువు ప్రభుత్వ కార్యవిధానమునకు అనుగుణముగా లేదు. దయచేసి సదరు నిమిషమును నలభై ఐదు నిమిషములకు పొడిగించవలసినదిగా కోరడమైనది." కంపెనీ వాళ్లు మర్యాదగా జవాబిచ్చారు. ఆ మోడల్ ఇప్పుడు తయారుచేయడం లేదనీ, నిమిషం తమ అన్ని మోడళ్లలోనూ అరవై సెకన్లేననీ. కామేశం గారు 'అన్ని మోడళ్లలోనూ' అన్నచోట ఎర్ర సిరాతో గీత గీశారు.

అప్పుడు కమిటీ వేశారు. జత సాధన కమిటీ. సూపరింటెండెంట్ అధ్యక్షుడు, కామేశం గారు కన్వీనరు, హైమవతి సభ్యురాలు. ఓపీలో అరవై మంది గర్భిణులు నిలబడి ఉండగా హైమవతిని సమావేశానికి పిలిచారు.

"మేడమ్, సాంకేతిక సలహా ఇవ్వండి," అన్నారు సదాశివరావు గారు.

"ఎవరో ఒకరు రెండూ నొక్కేయండి సార్. నేను వెళ్లాలి."

ఎవరూ ఊహించని సంగతి ఏమిటంటే ఈ సలహాను కమిటీ తీసుకుంది. రెండూ ఒకరి చార్జిలోకే తెస్తే టపా దూరం తగ్గుతుంది కదా. హ్యాండ్‌సెట్‌ను కామేశం గారి పేరు మీదికి మార్చి ఆయన గదికి తెచ్చారు. ఆయన బేస్ మీట మీద వేలు పెట్టి ఆగిపోయారు.

"సార్, సందేహం. బేస్ చార్జిదారుగా నేను నొక్కినట్టు హ్యాండ్‌సెట్ చార్జిదారుకు రాయాలి. ఆయన కూడా నేనే. నాకు నేను రాసుకోవచ్చా?"

సదాశివరావు గారు గడియారం తీసి బల్ల మీద పెట్టారు. "స్పష్టత కోరండి," అన్నారు.

జిల్లా నుంచి స్పష్టత ఏప్రిల్ ఆఖరులో వచ్చింది. "ఒకే ఉద్యోగి రెండు హోదాలలో ఉన్నప్పుడు తనకు తాను వ్రాసుకొనుట అభ్యంతరకరము కాదు. అయితే రెండు హోదాలకు రెండు ఆసనములు ఉండవలెను."

మే నెలంతా రిహార్సళ్లు. హెడ్ గుమస్తా గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. కామేశం గారు మొదటి కుర్చీలో కూర్చుని మీట నొక్కి, మెమో రాసి, నంబరు వేసి, లేచి, బల్ల చుట్టూ తిరిగి, రెండో కుర్చీలో కూర్చుని, మెమో అందుకుని, చదివి, ఎక్కించి, సంతకం చేసేవారు. సదాశివరావు గారు చేతి గడియారంతో టైము చూసేవారు. మొదటి రోజు ఏడు నిమిషాలు. వారానికి నాలుగు. ఓపీ చీటీల కోసం వచ్చిన జనం కిటికీ దగ్గర గుమిగూడి చూసేవారు. ఏభై దాటిన మనిషి, చెమటలు కక్కుతూ, బల్ల చుట్టూ అలా తిరుగుతుంటే చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు.

ఒకరోజు రెండు నిమిషాలకు వచ్చేలా ఉంది. రెండో కుర్చీలో కూర్చున్న కామేశం గారు మెమో చదివి, మొహం చిట్లించి, తిరిగి మొదటి కుర్చీ మీద పెట్టారు.

"ఏమైంది?" అన్నారు సదాశివరావు గారు.

"తేదీ వేయలేదు సార్. వాపసు చేశాను."

"వేయనిది మీరే కదయ్యా."

"అది ఆ కుర్చీ సంగతి సార్. ఈ కుర్చీలో కూర్చున్నాక నేనెవర్నీ నమ్మను."

అన్నిటికన్నా తక్కువ టైము రెండు నిమిషాల పది సెకన్లు. దాన్ని అభినందిస్తూ ఒక తీర్మానం చేసి, హ్యాండ్‌సెట్‌ను మళ్లీ దయామణి చార్జిలోకి పంపేశారు.

ఆ నెలలో సన్యాసమ్మ వార్డు నుంచి ఓపీకి ఇరవై ఆరుసార్లు వెళ్లింది. రెండుసార్లు మెట్ల మీద కూర్చుండిపోతే, దారినపోయే రోగులు కబురు అందుకుని డాక్టరమ్మకు చెప్పారు. ఒక తల్లికి గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. పది నిమిషాలు ముందు వచ్చుంటే నిలిపేదాన్నని హైమవతి కేసు షీటులో రాసింది. ఆ కాగితం ఈ ఫైలులో లేదు. విషయం వేరు గనుక.

మళ్లీ జూన్ వచ్చింది. తొలకరి పడింది. మెట్ల మీద నాచు పట్టింది. దయామణి వార్డు గుమ్మంలో నిలబడి ఆ మెట్లకేసి కాసేపు చూసింది. తర్వాత హ్యాండ్‌సెట్ తీసి కోటు జేబులో వేసుకుంది.

కామేశం గారు ఒంటిగంటకు భోజనానికి ఇంటికి వెళతారు. ఆ వేళలో సన్యాసమ్మ ఆయన గది ఊడుస్తుంది. దయామణి తలుపు దగ్గరగా వేసింది.

"సన్యాసమ్మా, ఇక్కడ బొటనవేలు పెట్టు. పది లెక్కపెట్టేదాకా తియ్యకు."

"నాకు పది వరకే వొచ్చును సిస్టరమ్మా. సరిపోద్దా?"

"సరిపోతుంది."

సన్యాసమ్మ చీపురు చంకలో పెట్టుకుని నొక్కింది. బయటికి లెక్కపెట్టింది. దయామణి తన చేతిలోది నొక్కి నాలుగు సున్నాలు కొట్టింది. రెండూ ఒకేసారి కూత పెట్టాయి.

"అయిపోనాదా?"

"అయిపోయింది."

సన్యాసమ్మ తన బొటనవేలు తిప్పి చూసుకుంది. "ఇంతేనేటి. దీనికేటి అంతమంది బాబులు సెమట్లు కార్సీసినారు?"

ఊడవకుండా వెళితే అనుమానం వస్తుందని గది మొత్తం ఊడ్చి మరీ వెళ్లింది.

మూడో రోజు పొద్దున కామేశం గారి బల్ల మీద ఫోను మోగింది.

"హెడ్ గుమస్తా ఆఫీసు."

"బాబూ, నాను వార్డు నుంచి సన్యాసమ్మని. డాట్రమ్మని ఎంటనే రమ్మను. పారమ్మకి రగతం ఆగట్లేదు."

కామేశం గారి గదికీ హైమవతి గదికీ మధ్య కిటికీ ఉంది. ఆయన దాని మీద దబదబా బాదారు. "మేడమ్, వార్డు నుంచి ఫోను. రక్తం ఆగడం లేదట." హైమవతి చెప్పుల్లేకుండా పరిగెత్తింది. పారమ్మ బతికింది. బిడ్డా బతికింది. కామేశం గారు ఫోన్ల రిజిస్టరు తెరిచి, టైము వేసి, 'ఎక్కడి నుండి' అన్నచోట 'ప్రసూతి వార్డు' అనీ, 'విషయము' అన్నచోట 'రక్తము' అనీ రాశారు.

ఇలా పదకొండుసార్లు. పదకొండుసార్లూ ఆయనే ఎత్తారు, కిటికీ బాదారు, రాశారు. రాస్తున్నప్పుడు ఆలోచించే అలవాటు ఆయనకు లేదు. నెలాఖరున, ఆ నెల వచ్చిన ఫోన్లన్నిటికీ పట్టీ తయారుచేస్తుంటే, ఏయే విభాగాల్లో ఫోను ఉందో చూసుకుంటుంటే, అప్పుడు సంగతి తట్టింది. పట్టీ పట్టుకుని సూపరింటెండెంట్ గదిలోకి వెళ్లారు.

"సార్, ఘోరం జరిగింది. ఫోను లేని చోటి నుంచి పదకొండు ఫోన్లు వచ్చాయి."

పిలిచి అడిగితే దయామణీ సన్యాసమ్మా జరిగింది జరిగినట్టు చెప్పేశారు. దయామణి మీద నాలుగు అభియోగాలు మోపారు. అనుమతి లేకుండా జత చేయుట. ఇతరుల చార్జిలోని వస్తువుపై అధీన సిబ్బందిచే నొక్కించుట. రహస్య సంకేతమును వినియోగించుట. ఆమోదిత విధానమును అపహాస్యము పాలు చేయుట. సన్యాసమ్మ మీద ఒకటే: బొటనవేలు దుర్వినియోగం. విచారణ ముగిసేదాకా సాక్ష్యం చెడకూడదు కాబట్టి బేస్‌ను దాని హ్యాండ్‌సెట్‌తో కలిపి దారంతో కట్టి లక్క సీలు వేశారు. కరెంటు తీస్తే సాక్ష్యాన్ని మార్చినట్టవుతుందని తీయలేదు. వార్డులో హ్యాండ్‌సెట్‌ను ఉన్నచోటే ఉంచి, ముట్టుకోకూడదని చీటీ అంటించారు. సన్యాసమ్మ మళ్లీ మెట్లెక్కింది.

ఆగస్టులో జిల్లా నుంచి విచారణాధికారి చక్రధరం గారు వచ్చారు. సీలు వేసిన వస్తువును కదపకూడదు గనుక విచారణ హెడ్ గుమస్తా గదిలోనే పెట్టారు. పదకొండు ఫోన్లు నిజంగా వచ్చాయని రుజువు కావాలన్నారు ఆయన. రిజిస్టరు చాలదు, ఆ ఫోన్ల పర్యవసానాన్ని హాజరుపరచండి అన్నారు. ఆ ఫోన్ల పర్యవసానం పదకొండు మంది పిల్లలు. పదకొండు ఇళ్లకు సమన్లు వెళ్లాయి. పొలాల్లో దమ్ములు జరుగుతుండగా పదకొండు మంది తల్లులు ఆటోలెక్కి వచ్చి వరండాలో కూర్చున్నారు. ఒక్కో బిడ్డ జబ్బకూ ఒక్కో చీటీ కట్టారు. సాక్ష్యం నంబరు ఒకటి, రెండు, మూడు, అలా.

మొదట పారమ్మను లోపలికి పిలిచారు.

"జూన్ నెలలో అనధికార ఫోను వల్ల నీకు లబ్ధి చేకూరిందా?" అన్నారు చక్రధరం గారు.

"ఏటి బాబూ?"

"ఫోను వల్ల లాభం ఏమైనా కలిగిందా అని."

"నాను బతికినాను బాబూ."

"అది సరేనమ్మా. ప్రత్యేకంగా ఏమైనా?"

పారమ్మ కాస్త ఆలోచించింది. భుజం మీది బిడ్డను చూపించింది. "ఇదీ బతికింది."

"రాసుకోండి," అన్నారు చక్రధరం గారు. "లబ్ధిదారులు ఇద్దరు."

కామేశం గారు రాస్తుండగా ఫోను మోగింది.

గదిలో అందరూ దారంతో కట్టిన బేస్ వైపు చూశారు. అది బయటి నుంచి వచ్చే ఫోనైనా, వార్డు నుంచి వచ్చే ఫోనైనా ఒకేలా మోగుతుంది. హైమవతి సాక్షిగా గోడ వారన కూర్చుని ఉంది. లేచింది.

"కూర్చోండి మేడమ్," అన్నారు చక్రధరం గారు.

"వార్డు నుంచి అయ్యుంటుంది సార్. సిస్టర్ ఇక్కడ, నేనిక్కడ. అక్కడ సన్యాసమ్మా, నిన్న చేరిన ఓ నర్సూ తప్ప ఎవరూ లేరు."

"వార్డు నుంచి అని మీరంటే ఆ హ్యాండ్‌సెట్ పనిచేస్తున్నట్టు ఒప్పుకున్నట్టే."

"పనిచేస్తోందనే కదా విచారణ?"

"పనిచేస్తోందా లేదా అన్నది విచారణలో తేలాలి. ఇప్పుడు ఎత్తితే తీర్పు ముందే ఇచ్చినట్టు."

ఫోను మోగుతూనే ఉంది. దయామణి చెయ్యి చాపింది. కామేశం గారు రెండు అరచేతులూ బేస్ మీద బోర్లించారు. "వద్దు సిస్టర్. సీలు నా చార్జి."

"కలెక్టరాఫీసు నుంచేమో," అన్నారు సదాశివరావు గారు గొంతు తగ్గించి. "ఎత్తకపోతే బాగుండదు."

"కలెక్టరాఫీసు వారైతే ఎత్తవచ్చు," అన్నారు చక్రధరం గారు. "కానీ అవునో కాదో ఎత్తితే గానీ తెలియదు. కాబట్టి ఎత్తకూడదు."

హైమవతి తలుపు వైపు నడిచింది.

"సాక్షి సంతకం చేయకుండా గది దాటకూడదు," అన్నారు చక్రధరం గారు.

పారమ్మ వీళ్లందర్నీ ఒక్కొక్కర్నే చూసింది. బల్ల దగ్గరికి వెళ్లి, భుజం మీది బిడ్డను దించి, కామేశం గారి ముందుకు చాచింది.

"ఇదిగో బాబూ, దీన్ని అట్టుకో."

"ఏయ్, ఏమిటిది, నాకెందుకు..."

"అట్టుకో బాబూ, జారిపోద్ది."

రెండు నెలల పిల్ల నిజంగానే జారబోయింది. కామేశం గారి చేతులు వాటంతటవే లేచాయి. కాగితం లేకుండా, నంబరు లేకుండా, సర్వీసులో మొదటిసారి ఆయన ఒకదాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. పారమ్మ దారం పుటుక్కున తెంపి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"ముట్టుకోకూడదమ్మా," అన్నారు చక్రధరం గారు.

"మీకు కదా బాబూ ఆ రూలు. నాను గవర్మెంటు కాదు." తర్వాత ఫోనులోకి, "ఆఁ, సెప్పు."

సన్యాసమ్మ గొంతు గదంతా వినిపించింది. "ఎవల్రా అక్కడ, సచ్చిపోనారేటి? డాట్రమ్మని పంపండి. కాళ్లు ముందొస్తన్నాయి."

హైమవతి అప్పటికే వరండా దాటింది. వెనకే దయామణి. విచారణ మధ్యలో అనుమతి లేకుండా నిష్క్రమించుట అన్న ఐదో అభియోగాన్ని చక్రధరం గారు చెబుతుంటే కామేశం గారు రాయలేకపోయారు. చేతుల్లో పిల్ల ఉంది. నిద్రపోతోంది. కదిలితే లేస్తుందని ఆయన ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నారు.

నలభై నిమిషాలకు మళ్లీ మోగింది. ఈసారి ఎవరూ ఎవరినీ ఆపలేదు. పారమ్మే ఎత్తింది, విన్నది, పెట్టేసింది.

"ఆడపిల్ల. ఏడుస్తంది. తల్లి బాగుంది."

సదాశివరావు గారు జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు. చక్రధరం గారు మాత్రం పెన్ను పళ్ల మధ్య పెట్టుకుని ఆలోచనలో పడ్డారు.

"ఈ ఫోను మీద వచ్చిన కబురు వల్ల పుట్టింది కాబట్టి ఈ శిశువు కూడా సాక్ష్యమే," అన్నారు. "మన జాబితాలో పదకొండే ఉన్నాయి. అసంపూర్ణ జాబితా మీద నేను తీర్పు ఇవ్వలేను."

ఆ రోజు రికార్డు ఇలా ముగుస్తుంది: "సాక్ష్యముల సంఖ్య పదకొండు నుండి పన్నెండుకు పెరిగినందున విచారణ వాయిదా వేయడమైనది. పన్నెండవ సాక్ష్యము బరువు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. సాక్ష్యములన్నియు సమకూరు వరకు బేస్, హ్యాండ్‌సెట్‌లను జత విడదీయరాదు."

ప్రతి నెలా చక్రధరం గారు వస్తారు. ప్రతి నెలా జాబితా పెరిగి ఉంటుంది. ప్రతి నెలా వాయిదా. ఫోను మోగితే గవర్నమెంటు వాళ్లెవరూ ముట్టుకోరు. ఓపీ బెంచీ మీద కూర్చున్న రోగుల్లో ఎవరో ఒకరు లేచి, లోపలికి వెళ్లి ఎత్తుతారు. కొత్తగా వచ్చినవాళ్లకు పాతవాళ్లు నేర్పిస్తారు. జత సాధన కమిటీని ఇంకా రద్దు చేయలేదు. జత ఇంకా సాధించలేదు కదా. దయామణి ప్రమోషను విచారణ పెండింగు అని ఆపేశారు. ఆమెకన్నా నాలుగేళ్లు చిన్నామె ఇప్పుడు ఆమెకు పైఅధికారి. సన్యాసమ్మ బొటనవేలు కేసు కూడా తేలలేదు. తేలకపోతే రిటైరయ్యాక రావలసినవి రావు. దీని మీద మేం వచ్చే సోమవారం గేటు ముందు కూర్చుంటున్నాం.

ఆ సంగతి చెప్పి సంతకం తీసుకుందామని మొన్న వార్డుకు వెళ్లాను. గుమ్మంలో నిలబడి అర్జీ చదివి వినిపించడం మొదలుపెట్టాను. దయామణి స్ట్రెచరు తోసుకుంటూ ఎదురొచ్చింది. దాని మీద ఒకామె పళ్లు బిగబట్టి మూలుగుతోంది.

"తర్వాత చదువుదురు గానీ, పక్కకి జరగండి," అంది దయామణి. "నూట నలభై నాలుగో సాక్ష్యం వస్తోంది."